మూడోసారి చుక్కల మందు అడిగితే ఇవ్వకండి: మెడికల్ షాపుల వారికి ఒక టీచరు బహిరంగ లేఖ

మెడికల్ షాపులు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు, కౌంటర్ దగ్గర నిలబడి చీటీలు చదివే చెల్లెళ్లకు నమస్కారం.

మాది పల్నాడులో ఒక మండల కేంద్రం. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఊళ్లో మెడికల్ షాపులు ఏడున్నాయి. కంటి డాక్టరు మాత్రం లేరు. శుక్రవారం నాడు ఒకాయన బయటి ఊరి నుంచి వచ్చి రెండు గంటలు కూర్చుని వెళతారు. అందుకే కన్ను ఎర్రబడినా, చెవి పోటు వచ్చినా, పిల్లాడికి వాంతులైనా మేం ముందు వచ్చేది మీ దగ్గరికే. మిమ్మల్ని ‘డాక్టరు గారూ’ అనే పిలుస్తాం. మీరూ కాదనరు. అందులో తప్పు వెతకడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ పిలుపు మీకు ఎలాగూ ఉంది కాబట్టి, దాంతోపాటు ఒక చిన్న పని కూడా నెత్తిన పెట్టుకోమని అడగడానికి రాస్తున్నాను.

2023 వానాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కండ్లకలక ఇల్లిల్లూ తిరిగింది. మా ఎనిమిదో తరగతిలో ఒకరోజు సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లలో నలుగురు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సినిమా హీరోల్లా వెనక్కి వాలి కూర్చున్నారు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆగస్టు రెండో వారంలో నా ఎడమ కన్ను ఎర్రబడింది. ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. మా అత్తగారు పెరట్లోంచి నందివర్ధనం పూలు కోసుకొచ్చి రాత్రి కళ్ల మీద పెట్టారు. పొద్దున్నే మా వారు బస్టాండు పక్క షాపుకు వెళ్లి చుక్కల మందు తెచ్చారు. ఆ పది రోజుల్లో ఆ సీసాలు అట్టపెట్టెలకు అట్టపెట్టెలే ఖాళీ అయిపోయాయని తర్వాత విన్నాను.

రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఇంకో సీసా. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి నేనే వెళ్లాను. ‘అదే ఇవ్వండి, నాకు బాగా పనిచేస్తోంది’ అన్నాను. అడిగింది నేను, ఇచ్చింది ఆయన. ఇద్దరం కలిసే పొరపాటు చేశాం. నవంబరు దాకా మొత్తం ఆరు సీసాలు వాడాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్నదాన్ని, ఒక్కసారైనా ఆ లేబుల్ చదవలేదు. చదివి ఉంటే యాంటీబయాటిక్ పేరు పక్కన డెక్సామెథాసోన్ అని కనిపించేది. అంటే స్టెరాయిడ్.

బడి పిల్లలకు వచ్చిన కలకకూ నా కంటికీ తేడా మొదటి నుంచీ ఉంది. చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది, అంతే. పిల్లలకు ఊసి కట్టేది, పొద్దున రెప్పలు అంటుకుపోయేవి, దురద, ఇసుక పడ్డట్టు గరగర. వారం, పది రోజుల్లో పోయింది. నాకు ఊసి లేదు, దురద లేదు. నీళ్లు కారేవి. వెలుతురు చూడలేకపోయేదాన్ని. నొప్పి మాత్రం వేరే రకం. కంటి పైన కాదు, లోపల గుంటలోంచి ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు ఉండేది. పగలు బోర్డు ముందు నిలబడితే ఓర్చుకోగలిగేదాన్ని. రాత్రి రెండింటికీ మూడింటికీ అదే లేపేది. కనుబొమ్మ మీదికి, కణతకి, దవడకి పాకేది. దవడ దగ్గర ఎంత లాగేదంటే, జ్ఞానదంతం అనుకుని గుంటూరులో పన్ను పీకించుకున్నాను. చిన్న డబ్బాలో పెట్టి చేతికిచ్చారు. చూస్తే పన్ను భేషుగ్గా ఉంది.

మధ్యలో ఒక కంటి క్లినిక్‌కీ వెళ్లాను. చార్టు చదివించారు. ఎడమ కంటితో చివరి వరస దాకా గడగడా చదివాను. చూపు బాగుంది, కంప్యూటర్ ఎక్కువ చూడకండి అన్నారు. ఇంకాస్త ఘాటైన చుక్కలు రాశారు. ఇక్కడ ఒక మాట. మన దగ్గర కంటి పరీక్ష అంటే చార్టే. 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు కార్యక్రమంలో మా బడి పిల్లలకు కూడా చార్టుతోనే చూశారు, చాలామందికి అద్దాలు వచ్చాయి, ఎంతో మేలు జరిగింది. కానీ నాలాంటి జబ్బు చార్టుకు దొరకదు. చాలా రోజులు చూపు చెక్కుచెదరకుండా ఉంటుంది. తగ్గడం మొదలయ్యేసరికి లోపల ఏదో తెగిపోయో, పలచబడిపోయో ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు కూడా అప్పుడే జరుగుతున్నాయి. దసరా నుంచి ముక్కు దిబ్బడ. చీదితే రక్తంతో కలిసిన పెచ్చులు పడేవి. సుద్దముక్క పొడి అనుకున్నాను. కుడి చెవిలో నీరు నిండినట్టు ఉండి, వెనక బెంచీ వాళ్ల మాట వినపడేది కాదు. జలుబు అనుకున్నాను. ముక్కుకు ఒక మందు, చెవికి ఒక మందు, కంటికి ఒక మందు, మూడూ ఒకే కౌంటర్ నుంచి ఒకే సంచిలో ఇంటికి తెచ్చుకున్నాను. ఈ మూడింటికీ సంబంధం ఉందేమో అని నాకు తట్టలేదు, నాకు సంచి అందించిన కుర్రాడికీ తట్టలేదు. వాడు నా దగ్గరే పదో తరగతి చదివాడు. వాడిని తప్పు పట్టాలంటే ముందు వాడి సైన్సు టీచర్ని పట్టుకోవాలి.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం పొద్దున, తలంటుకుని, కిటికీ పక్కన అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాను. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. ఎడమ కన్ను పైరెప్ప కొద్దిగా ఎత్తితే తెల్లగుడ్డు మీద, పై భాగంలో, కందిగింజంత నీలం మచ్చ కనిపించింది. కాటుక అంటిందేమో అనుకుని తడిగుడ్డతో తుడవబోయాను. పోలేదు. ఆ క్షణంలో నా కాళ్లలో సత్తువ పోయింది. ఎందుకంటే ఆ బొమ్మ నేను ఏటా బోర్డు మీద వేస్తాను. కంటికి పై పొర దృఢస్తరం, తెల్లగా, గట్టిగా ఉంటుంది. దాని కింద రక్తపటలం, ముదురు రంగులో ఉంటుంది. పై పొర తెల్లగా ఉన్నంతకాలం కింది పొర కనపడదు. కింది పొర రంగు బయటికి కనపడుతోందంటే పై పొర అరిగిపోయిందన్న మాట. ఇది పిల్లలకు చెప్పే పాఠమే. నా కంట్లో చూసుకునేదాకా దానికి అర్థం తెలియలేదు.

మర్నాడు హైదరాబాదు బస్సెక్కాం.

అక్కడ ఒక పెద్ద కంటి ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ గారు నన్ను మిషను ముందు కూర్చోబెట్టేముందు చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. ‘పగటి వెలుతురులో ముందు చూడాలండీ, ఈ రంగు మిషన్లో సరిగా తెలియదు’ అన్నారు. ఎరుపులో ఊదా ఛాయ ఉందని పక్కనున్న జూనియర్‌కు చూపించారు. తర్వాత ఒక చుక్క వేసి పది నిమిషాలు కూర్చోమన్నారు. ఆ చుక్క పై పైన ఉన్న సన్న నాళాలను ముడుచుకునేలా చేస్తుందట. మామూలు కలకైతే ఆ చుక్కకు ఎరుపు చాలావరకు తేలిపోతుంది. నాది అలాగే ఉంది. అంటే ఎరుపు లోతున ఉన్న నాళాలది. తెల్లగుడ్డే వాచింది. దీని పేరు స్క్లెరైటిస్ అన్నారు. నల్లగుడ్డు అంచున కూడా చిన్న పుండు మొదలైందన్నారు.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలు కంటి గురించి కావు. ముక్కులో పెచ్చులు కడుతున్నాయా? చెవి వినపడడం తగ్గిందా? కీళ్ల నొప్పులున్నాయా? దగ్గులో రక్తం? కాళ్ల మీద ఎర్రటి చుక్కలు? బరువు తగ్గారా? నోటి పూత మాటిమాటికీ వస్తుందా? మూత్రం నురగ కడుతోందా? మా వారు నా వంక చూశారు. నేను ఔను, ఔను అంటూనే ఉన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ‘ముందు మూత్రం పరీక్ష చేయించుకు రండి, ఇప్పుడే’ అన్నారు. కంటి ఆసుపత్రిలో మూత్రం ఏమిటని మా వారు గొణిగారు. ల్యాబులో అమ్మాయి కాగితపు పట్టీ ముంచి, సీసా మీదున్న రంగులతో పోల్చి చూసింది. ప్రోటీను గడి ఆకుపచ్చగా, రక్తం గడి ముదురు పచ్చగా మారాయి. నా కంటికి మామూలుగా కనిపించిన మూత్రంలో రక్తం ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఉండాల్సినదానికంటే ఎక్కువగా, 1.9 వచ్చింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నాకు కిడ్నీల వైపు ఒక్క రోజు కూడా నొప్పి రాలేదు.

జబ్బు పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్. నోరు తిరగదు కాబట్టి డాక్టర్లు కూడా జీపీఏ అనే అంటారు. చిన్న రక్తనాళాల గోడలు వాచిపోయే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన తెల్లరక్తకణాలే నాళాల గోడల మీద పడతాయి. మా బడికి కాపలా ఉంటుందని పెంచిన కుక్క ఒకసారి మా పిల్లల్నే కరిచింది. పిల్లలకు నా జబ్బు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ కుక్క కథే చెప్పాను, వెంటనే అర్థమైంది. రక్తంలో యాంకా అనే పరీక్ష చేస్తే చాలామందిలో ఇది బయటపడుతుంది. సన్న నాళాలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ దీని దెబ్బ ఎక్కువ. ముక్కు, సైనసులు, ఊపిరితిత్తులు, కిడ్నీలో వడపోత చేసే కేశనాళికల గుచ్ఛాలు, కన్ను. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు కంటికి కూడా వస్తుంది. కొందరికి తెల్లగుడ్డు వాస్తుంది, కొందరికి కంటి వెనక గడ్డలా పెరిగి గుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, కొందరికి కన్నీటి గొట్టం మూసుకుపోయి ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి. నాలాగా కన్నే ముందు చెప్పిన కేసులు తక్కువేం కావు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో రెండు మచ్చలు కనపడితే ఒకరు టీబీ అన్నారు. మన దేశంలో ముందు టీబీని అనుమానించాల్సిందే, ఈ జబ్బు మచ్చలు అచ్చం అలాగే ఉంటాయి కూడా. కళ్లె పరీక్షలు చేసి కాదని తేల్చాకే మందులు మొదలుపెట్టారు. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూశారు. ఆ ఏడు మా సంక్రాంతి ఆసుపత్రి వార్డులోనే గడిచింది. మూడు రోజులు నరానికి స్టెరాయిడ్ ఎక్కించారు, తర్వాత ఆ తెల్లరక్తకణాల జోరు తగ్గించే మందులు: సైక్లోఫాస్ఫమైడ్ ఆరు విడతలు, ఇప్పుడు ఆరు నెలలకొకసారి రిటుక్సిమాబ్. స్టెరాయిడ్ గోళీలు రోజుకు యాభై మిల్లీగ్రాములతో మొదలై ఇప్పుడు ఐదుకు దిగాయి. ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది, మళ్లీ కొంత తగ్గింది. క్రియాటినిన్ 1.3 దగ్గర నిలబడింది. కుడి కన్ను బాగుంది. ఎడమ కంటికి నల్లగుడ్డు అంచున మచ్చ మిగిలిపోయింది, అద్దాలు పెట్టుకున్నా ఆ కంటితో వెనక బెంచీ ముఖాలు పోల్చుకోలేను.

సైన్సు టీచర్ని కదా, మంచం మీద పడుకుని ఈ జబ్బు చరిత్ర తవ్వాను. 1930ల్లో జర్మనీలో వెగెనర్ అనే డాక్టరు దీన్ని వర్ణించాడు, చాలాకాలం జబ్బుకు ఆయన పేరే ఉండేది. ఆయనకు నాజీలతో సంబంధాలున్నాయని బయటపడ్డాక 2011లో డాక్టర్ల సంఘాలు ఆ పేరు మార్చేశాయి. 1958లో వాల్టన్ అనే బ్రిటిష్ డాక్టరు లెక్క కట్టి చూస్తే, మందు పడని రోగులు సగటున ఐదు నెలలు బతికారు. నూటికి 82 మంది ఏడాది లోపే పోయారు. ఐదు నెలలు! అందులో మూడు నెలలకు పైనే నేను చుక్కలు వేసుకుంటూ గడిపేశాను. ఆ తర్వాత 1970ల్లో అమెరికాలో ఆంథొనీ ఫౌచీ, ఆయన సహచరులు సైక్లోఫాస్ఫమైడ్ వాడి ఈ రోగుల్ని బతికించడం మొదలుపెట్టారు. కోవిడ్ రోజుల్లో టీవీలో రోజూ కనపడిన ఫౌచీయే. మా ఆయనకు ఈ ముక్క చెబితే, ‘ఆయనకు మనం రెండు విధాలా బాకీ అన్న మాట’ అన్నారు. 2010లో రిటుక్సిమాబ్ కూడా దానికి తీసిపోదని పెద్ద పరిశోధనలో తేలింది. అంటే మందు ఉంది. రోగి దానిదాకా చేరే దారి దగ్గరే తిరకాసంతా. ఆ దారి మీ కౌంటర్ ముందు నుంచే పోతుంది.

అందుకే ఇంత పొడుగు కథ మీకు చెప్పాను. ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను.

ఎర్ర కన్నుతో వచ్చిన ప్రతివాళ్లనూ హైదరాబాదు పంపమని నేననను. నూటికి తొంభై పైన మామూలు కలకో, దుమ్మో, అలర్జీయో అయి ఉంటుంది. మొదటిసారి వస్తే మామూలుగా చేసేది చేయండి, స్టెరాయిడ్ కలిసిన సీసా మాత్రం తీయకండి. కంటి చుక్కలైనా సరే, అవి షెడ్యూల్ హెచ్ కిందికే వస్తాయి, చీటీ లేకుండా ఇవ్వకూడదని మీకు నాకంటే బాగా తెలుసు. స్టెరాయిడ్ చుక్క ఎరుపును చప్పున తగ్గిస్తుంది, అందుకే జనం అదే కావాలంటారు. నా కంట్లో అది చేసింది కూడా అదే. నిప్పు ఆరలేదు, పొగ కనపడకుండా పోయింది. నెలల తరబడి వేస్తే కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమా వస్తుంది, శుక్లం వస్తుంది. ఇంకో ఘోరం మన పల్లెల్లోనే ఎక్కువ. వరి కోతల్లో ఆకు గీసుకునో, మిరపకోతలో పుల్ల తగిలో కంట్లో ఫంగస్ పుండు లేచిన కూలీకి ఇదే సీసా ఇస్తే, ఆ ఫంగస్‌కు ఎరువు వేసినట్టే. పది రోజుల్లో నల్లగుడ్డు తెల్లగా మారిపోతుంది.

అదే మనిషి రెండో నెలలో అదే కంటికి అదే చుక్కలు మళ్లీ అడిగితే, సీసా కోసం వెనక్కి తిరిగేముందు ఒక్క నిమిషం ఆగి అడగండి. నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా? ఇది ఒక్కటే చాలు నిజానికి. కలక మనిషిని అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టదు. చూపు మసకబారిందా? ముక్కులోంచి రక్తం పెచ్చులు, చెవి దిబ్బడ, కీళ్ల నొప్పులు ఏవైనా ఉన్నాయా? స్క్లెరైటిస్ వచ్చినవాళ్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఒంట్లో ఇంకో జబ్బు దాగి ఉంటుందని, అందులో కీళ్లవాతం ముందుంటుందని డాక్టరమ్మ గారు చెప్పారు. మీరు పేరు పెట్టక్కర్లేదు. ‘ఇది నా చేతిలో పని కాదమ్మా, కంటి డాక్టరుకు చూపించు, దారిలో మూత్రం పరీక్ష చేయించుకుని ఆ కాగితం తీసుకెళ్లు’ అంటే చాలు. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. నా కిడ్నీల సంగతి ఆగస్టులో ఎవరైనా ఆ మాట అని ఉంటే ఎలా ఉండేదో నేను లెక్క వేయదలచుకోలేదు. కొన్ని రాత్రులు లెక్క దానంతటదే వస్తుంది.

ఇంకో రెండు మూడు సంగతులు మీ కౌంటర్ మీదే ఉన్నాయి కాబట్టి చెబుతాను.

మీలో చాలామంది దగ్గర బీపీ మిషను ఉంది. ఎప్పుడైనా పాతికేళ్ల అమ్మాయి వచ్చి, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి, చెయ్యి పైకెత్తి పనిచేస్తే లాగేస్తోంది అని చెబుతుంది. మీరు ఎడమ చేతికి కడితే మిషను ఎర్రర్ చూపిస్తుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని పక్కన పెట్టేయకండి. కుడి చేతికి కట్టి చూడండి. రెండు చేతులకూ బాగా తేడా ఉంటే, లేదా ఒక చేతి మణికట్టు దగ్గర నాడి దొరకకపోతే, అది తకయాసు జబ్బు కావచ్చు. పెద్ద రక్తనాళాలు వాచి సన్నబడే జబ్బు, ఆసియా దేశాల్లో ఎక్కువ, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువ. దీన్ని మొదట పట్టుకున్నది గుండె డాక్టరు కాదు, కంటి డాక్టరు. 1908లో జపాన్‌లోని కనజావాకు చెందిన మికితో తకయాసు, తాను చూసిన ఒక యువతి కంటి లోపల నరం చుట్టూ రక్తనాళాలు పూలదండలా అల్లుకుని కనిపించాయని కంటి డాక్టర్ల సభలో చెప్పాడట. అదే సభలో ఇంకో ఇద్దరు డాక్టర్లు లేచి, మా రోగులకు ఇలాంటి కళ్లతోపాటు చేతిలో నాడి కూడా దొరకలేదు అన్నారు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నారు కాబట్టి కన్నూ చెయ్యీ కలిశాయి. నా ముక్కు మందూ కంటి మందూ ఒకే సంచిలో ఉండి కూడా కలవలేదు.

నోటి పూతకు బీ కాంప్లెక్స్ గోళీలు నెలనెలా కొనే కుర్రాళ్లు మీకు తెలుసు. వాళ్లలో ఎవరికైనా కన్ను ఎర్రబడి మసకబారుతుంటే, బెషెట్ అనే ఇంకో నాళాల జబ్బు ఉంది, అది కన్ను తీసేయగలదు. టర్కీ చర్మవైద్యుడు హులూసీ బెషెట్ 1937లో నోటి పుండ్లు, మర్మాంగాల మీది పుండ్లు, కంటి వాపు ఈ మూడింటినీ కలిపి చూసి ఒకే జబ్బని చెప్పాడు. పెద్దవాళ్ల విషయం ఒక్క ముక్కలో: యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి, దువ్వెన పెడితే తల నొప్పి, నమిలితే దవడ నొప్పి, ఉన్నట్టుండి ఒక కంటికి చూపు పోయి వచ్చినట్టు ఉంటే తలనొప్పి గోళీ ఇచ్చి రేపు చూద్దాం అనకండి. అది కూడా నాళాల జబ్బే కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సిన కేసు. మన వైపు తక్కువే, కానీ వస్తే రెండో కన్ను కూడా రోజుల్లో పోతుంది.

‘మేము ఇవ్వకపోతే పక్క షాపులో ఇస్తారు’ అంటారని తెలుసు. నిజమే, ఇస్తారు. అందుకే ఈ లేఖ ఒక్కరికి కాక అందరికీ రాస్తున్నాను. మీకు సంఘాలున్నాయి, జిల్లా మీటింగులున్నాయి, బందుకు పిలిస్తే ఒక్క షట్టరు కూడా తెరుచుకోదు. అంత కట్టుబాటు ఉన్నవాళ్లు స్టెరాయిడ్ చుక్కల మీద ఒక మాట అనుకోలేరా? ‘బస్సు చార్జీ, కూలి పోవడం, డాక్టరు ఫీజు, వీటికి భయపడి జనమే మా మీద పడతారు’ అని కూడా అంటారు. అదీ నిజమే. పొలం పని వదులుకుని ఒక రోజు పోగొట్టుకోమని చెప్పడం తేలిక కాదు. కాకపోతే ఎక్కడికి పోవాలో చెప్పండి. ‘పెద్దాసుపత్రికి పో’ అంటే ఎవరూ కదలరు. ఊరి పేరు, బస్సు, ఏ రోజు చూస్తారు, ఇవి చెబితే కదులుతారు. హైదరాబాదులో మెహదీపట్నంలోని సరోజినీ దేవి ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఎల్.వి. ప్రసాద్ వారికి రెండు రాష్ట్రాల్లోనూ పల్లెల దగ్గర చిన్న కంటి కేంద్రాలున్నాయి. నిమ్స్‌లో కీళ్లవాత విభాగం ఉంది, ఈ నాళాల జబ్బులు చూసేది ఆ విభాగం వాళ్లే. రుమటాలజిస్టు అనే మాట నేను కూడా నలభై నాలుగేళ్లకు మొదటిసారి విన్నాను. ‘కీళ్ల డాక్టరు నా కంటికేం చేస్తాడు’ అని మా అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.

మీ మీద కోపం ఉందా అని అడిగితే, మొదట్లో ఉండేది. కొన్నాళ్లు ఆ షాపు ముందు నుంచి నడవడానికి కూడా మనసొప్పేది కాదు. తర్వాత ఒకరోజు వెళ్లి ఆ షాపాయనకు జరిగినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ‘మా ఆవిడ కూడా ఇదే వేసుకుంటోందండీ, మూడు నెలల్నుంచి’ అన్నారు. ఆవిడకు స్క్లెరైటిస్ కాదు, కంటి ప్రెషర్ పెరిగిందని తేలింది. ఇప్పుడు ఆ షాపులో కౌంటర్ అద్దం కింద ఒక కాగితం ఉంది. రాసింది నేనే, బోర్డు మీద రాసినట్టు గుండ్రని అక్షరాలతో: ‘కన్ను మళ్లీ మళ్లీ ఎర్రబడుతోందా? రాత్రి నొప్పి నిద్ర లేపుతోందా? చుక్కలు అడగకండి, డాక్టరుకు చూపించండి.’ మీకు కావాలంటే అలాంటివి ఎన్నైనా రాసిస్తాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు నాకంటే అందంగా రాస్తారు, చుట్టూ పూలు కూడా వేస్తారు.

ప్రతి నెలా ఐదో తారీఖున నా మందులకు వస్తాను. నా సంచిలో స్టెరాయిడ్ గోళీల చీటీ ఉంటుంది. ఆ గోళీలు ఒక్కసారిగా మానేయడం నాకు ప్రమాదమే. అయినా నేను చీటీ మరిచిపోయి వచ్చి, ‘మన టీచరమ్మే కదా, ఇచ్చేయండి’ అంటే ఇవ్వకండి. ఇల్లు పది నిమిషాల దూరమే, వెళ్లి తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఆరు సీసాలు కొన్న మీ టీచరమ్మ